కారణము తెలియని దద్దురులు

హైదరాబాదులోని కృష్ణానగరులో సినిమా పనివారు పెక్కుమంది నివసింతురు. తెల్లవారకమునుపే షూటింగునకు పోవలసినవారికి ఒంటినిండ దద్దురులు లేచి, పెదవులు వాచినచో ఆనాటి కూలి పోయినట్లే. తోడివారు అంటునేమో యని దూరముగా జరుగుదురు. ఇది అంటువ్యాధి కాదని ముందుగా మనవి చేయుచున్నాము.

ఇంటిలో మొదటి ప్రశ్న, “ఏమి తిన్నావు?” అని. వంకాయ మానిపింతురు, పిదప గ్రుడ్డు, చేప, చింతపండు. కడకు మజ్జిగన్నమే మిగులును. దద్దురులు మాత్రము పోవు.

మన ఆయుర్వేదము దీనిని శీతపిత్తమన్నది. చర్మములోని మాస్టు కణములు హిస్టమిన్ అను పదార్థమును విడిచినప్పుడు సన్నని రక్తనాళములనుండి ద్రవమూరి, చర్మము పొంగి దురద పుట్టును. ఒక్కొక్క దద్దురు సామాన్యముగా 24 గంటలలో మాయమై, మరియొకచోట లేచును. ఇట్లు 6 వారములు దాటినచో దీర్ఘవ్యాధి యందురు. దీనికి ఆహారము కారణమగుట అరుదు. పెక్కుమందిలో శరీరపు రక్షణశక్తియే స్వంత కణములపై తిరుగబడుచున్నది. కారణము తెలియదనగా వెలుపలి కారణము దొరకలేదని అర్థము. చికిత్స లేదని కాదు.

హిస్టమిన్‌ను అరికట్టు మందుకు 1937లో పారిస్‌లో దారి చూపిన డానియెల్ బోవే 1957లో నోబెల్ బహుమతి నందెను. ఆనాటి మందులు మత్తు కలిగించెడివి. తరువాత వచ్చిన సెట్రిజిన్, లోరాటడిన్ వంటివాటికి మత్తు తక్కువ. దురద పుట్టిననాడే మ్రింగి, మరునాడు మానుట పొరపాటు. వైద్యుడు చెప్పినన్నాళ్ళు ప్రతిదినము వాడవలెను. చాలనిచో వైద్యుడే మోతాదును నాలుగింతలవరకు పెంచవచ్చును. అప్పటికిని లొంగనివారికి ఒమాలిజుమాబ్ అను సూదిమందు కలదు. 2014లో ఈ వ్యాధికి అనుమతి పొందిన దీనిని 4 వారములకొకసారి యిత్తురు, ఖరీదు ఎక్కువే. స్టెరాయిడ్ మాత్రలు త్వరగా ఉపశమింపజేయును గాని, నెలలతరబడి వాడినచో ఎముకలను గుల్లచేసి, రక్తపుపోటును, చక్కెరను పెంచును. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ మాత్రలు, బిగుతైన దుస్తులు, వేడి కొందరిలో దద్దురులను రేపును.

ఒక్క హెచ్చరిక. నాలుకయో గొంతో వాచి ఊపిరాడనిచో తడవు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. ఒకే దద్దురు దినమును మించి నిలిచి, కమిలిన మచ్చ మిగిల్చినను వైద్యునికి చూపవలెను.

ఈ వ్యాధి చాలమందిలో కొన్ని యేండ్లకు దానంతటదే తగ్గిపోవును. తిన్న ప్రతిసారి వెంటనే బాధించిన పదార్థముంటే అది వేరుమాట, వైద్యుని అడుగుడు. లేనిచో అనుమానముతో మానిపించిన వంకాయకూరను వారి విస్తరిలో మరల వడ్డింపుడు.