చేతిమరా? కరెంటు మరా?



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కాఫీ ఇష్టపడే ఇల్లాళ్ళకు ఒకటే సందేహం: గింజలు ఆడించుకోవడానికి చేతిమర కొనాలా, కరెంటుదా?

మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరు. మర సరిగా అమర్చకపోతే బియ్యం నూకవుతుందని అక్కడివారికి వేరే చెప్పక్కర్లేదు. కాఫీ సంగతీ అంతే. మిక్సీ బ్లేడు గింజను నరుకుతుంది. పొడి కొంత మెత్తగా, కొంత బరకగా వస్తుంది. మెత్తటిది ఫిల్టరు చిల్లులు మూసేస్తుంది, బరకది సారం వదలదు. మంచి చేతిమర పళ్ళ మధ్య గింజ సమంగా నలుగుతుంది.

ఇద్దరే ఉంటే చేతిమర చాలు. పదిమందున్న ఇంట్లో మాత్రం దాని పిడి తిప్పేది కోడలే! కొత్తకోడలిగా తిప్పినదాన్ని కనుక చెబుతున్నాను: ఆమె చేతినొప్పినీ లెక్కలో వేయండి. అక్కడ పళ్ళున్న కరెంటు మరే మేలు. మిక్సీయే ఉంటే ఆపి ఆపి తిప్పండి, పొడి వేడెక్కనివ్వకండి.

ఏ మరైనా సరే, రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే ఆడించుకోండి.