నక్షత్రముల ఆయువు – గ్రహముల నివాసయోగ్యత
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)

  

ఇరువదియైదేండ్ల ఉత్సవమున కోట్ల యేండ్ల ముచ్చట యేలయని తలపవలదు. పద్దులు వ్రాసి బ్రదుకువాడను గనుక ఆకాశమునందును నాకు జమాఖర్చులే కనబడును. మన పఠనమందిరమునకు వచ్చు యువకులు తరచుగా నన్నడుగు ప్రశ్న యొకటి కలదు: "ఈ భూమి పాడైనచో మఱియొక నక్షత్రము చుట్టు తిరుగు గ్రహమునకు పోరాదా?" అట్టి గ్రహములు 2025 నాటికి ఆరువేలకు పైగా లెక్కకు వచ్చినవి. కాని వానిపై నీరు నీరుగా నిలుచు కాలమెంత? అదియే అసలు పద్దు.

ముందుగా ఇంధనపు లెక్క. సూర్యుడు ఉదజనిని హీలియముగా మార్చుచు వెలుగుచున్నాడు. ఆ హీలియము తొలి జాడలు మన తెలుగునేల మీదనుండి కనబడినవి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును గుంటూరులో ఫ్రెంచి పండితుడు జాన్సెన్, మచిలీపట్టణమున పాగ్‌సన్ పరిశీలించిరి. మచిలీపట్టణమున అగపడిన పసుపుగీత సోడియము గీతకు సరిపోలదాయెను. భూమిపై ఆ వాయువు చేజిక్కినది 1895లో.

సూర్యుని మూలధనము సుమారు వేయికోట్ల యేండ్లకు చాలును. అందు 460 కోట్లు ఖర్చుపడినవి. లుబ్ధకుని చూడుడు. సూర్యునికంటె ద్రవ్యము రెండింతలు, వెలుగు ఇరువదియైదింతలు. వేయికోట్లను రెంట హెచ్చించి ఇరువదియైదున భాగింపగా వచ్చునది 80 కోట్లు! మన భూమిపై ప్రాణి పుట్టిన పిమ్మట సుమారు మూడువందల కోట్ల యేండ్లు చాలవఱకు సూక్ష్మజీవులతోనే గడచెను. లుబ్ధకుని చుట్టు గ్రహమున్నను, ఆ సూక్ష్మజీవుల పుటయందే ఖాతా మూసివేయవలసి వచ్చును.

మఱి చిన్న నక్షత్రములో? వెదురుమంట భగ్గున లేచి చల్లారును; ఊకకుంపటి తెల్లవార్లు రాజుచుండును. మనకు మిక్కిలి చేరువనున్న ప్రాక్సిమా అట్టి కుంపటి. దాని ఆయువు లక్షల కోట్ల యేండ్లు. దాని చుట్టు 2016లో కనుగొన్న గ్రహమునకు సంవత్సరమనగా పదునొకండు దినములే. వెచ్చదనమునకై అంత దగ్గఱగా ముడుచుకొని కూర్చున్నది. అయితే ఈ కుంపటి అప్పుడప్పుడు నిప్పులు చిమ్మును. ఆ దెబ్బకు గ్రహముపై గాలి నిలుచుటయే సందేహము.

నక్షత్రము బ్రదికియున్నంత మాత్రమున గ్రహము బ్రదుకదు. అంగారకునిపై ఒకనాడు నదులు పారినవి. సూర్యుడు అట్లే యున్నాడు, ఆ నదులు లేవు. చిన్న గ్రహమగుటచే లోపలి వేడి చల్లారి, గాలి చాలవఱకు జారిపోయెను. మన భూమిపై వానలు రాళ్ళను కరగించును, గోదావరివంటి నదులు ఆ సారమును సముద్రమున చేర్చును. బొగ్గుపులుసు వాయువు సున్నపురాయిలో బంధింపబడి, అగ్నిపర్వతముల ద్వారా తిరిగి వచ్చుచుండును. ఈ చెల్లుబడి వలననే వేడిమి అదుపున నున్నది.

సూర్యుడును స్థిరుడు కాడు. నూరుకోట్ల యేండ్లకు సుమారు పదవవంతు వెలుగు హెచ్చుచుండును. మన యిల్లెందు బొగ్గు ఇరువదియైదు కోట్ల యేండ్లకు పైబడిన అడవి. ఆ చెట్లు కాచుకొన్న యెండ నేటికంటె నూటికి రెండు మూడు పాళ్ళు తక్కువ. ఈ పెరుగుదలచే సూర్యుని ఇంధనము తీరకమునుపే సముద్రములు ఇగిరిపోవును. ఇంగ్లండులోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయమువారు 2013లో మనకు మిగిలినది 175 మొదలు 325 కోట్ల యేండ్లని లెక్కగట్టిరి. నూరుకోట్లే యనువారును కలరు.

మన కల్పము 432 కోట్ల యేండ్లు, భూమి వయస్సు 454 కోట్లు. ఈ సామీప్యమును చూచి పూర్వులకు సర్వము తెలియునని మురియువారి పక్షమున నేను చేరను. మహాయుగపు 43,20,000 ఏండ్లను వేయింట హెచ్చించిన లెక్క అది. దాని అందము దానిది.

ఇక యువకుల ప్రశ్న. ప్రాక్సిమా 4.2 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. వాయేజర్-1 వలె సెకనుకు 17 కిలోమీటర్లు పోయినను అచ్చటికి చేర 75 వేల యేండ్లు పట్టును. చేరిన పిమ్మట పీల్చుటకు గాలి యుండునో లేదో ఇంకను తేలలేదు. అది తేలువఱకు ఆ గ్రహము పేర ఒక్క పైసా అయినను నేను జమకట్టజాలను.