జానపదానికి ఒక అర: చిన్న ప్రచురణలపై స్నాతకోత్సవ ప్రసంగం

తెలుగులో సైన్స్ ఫిక్షన్ గానీ ఫాంటసీ గానీ వేసే చిన్న ప్రచురణ సంస్థ మామూలుగా 500 ప్రతులతో మొదలుపెడుతుంది. 1,000 వేస్తే అది ధైర్యం కిందే లెక్క. సంస్థ అన్నది పెద్ద మాట. ఉండేది ఒకరిద్దరు మనుషులు, ఒక కంప్యూటర్, మంచం కిందికి తోసిన అట్టపెట్టెలు. రచయితతో వాదించేదీ, ప్రూఫులు దిద్దేదీ, పార్సిల్ కట్టి పోస్టాఫీసులో వరసలో నిలబడేదీ ఆ ఒకరిద్దరే. ఈ సభలో పట్టాలు అందుకుంటున్న వారిలో ఈ పనికి దిగేవారు పదిమంది ఉన్నా ఎక్కువే. ఆ పదిమందికీ ముందుగా ఎదురయ్యే చిక్కు డబ్బు కాదు, పేరు.

ఫాంటసీ అన్న మాట తెలుగు పుస్తకాల కొట్లో నిన్నమొన్నటిది. మంత్రగాడు, రెక్కల గుర్రం, మాట్లాడే పుర్రె ఉన్న కథను తెలుగువాడు చాలాకాలంగా ‘జానపదం’ అంటున్నాడు. విశ్వవిద్యాలయంలో ఆ మాటకు పల్లె పాట, పల్లె కథ అని అర్థం. బయట మాత్రం 1951 నాటి ‘పాతాళ భైరవి’, ఆ తరువాత విఠలాచార్య సినిమాలు దానికి వేరే అర్థం స్థిరపరిచాయి. సినిమాకు ముందు పుస్తకం ఉండనే ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ 12 భాగాలు రాశారు. రాజమండ్రిలో కొండపల్లి వీరవెంకయ్య, గొల్లపూడి వీరాస్వామి వంటి ప్రచురణకర్తలు ఈ కోవ కథలను పంచాంగాల పక్కన, శతకాల పక్కన పెట్టి అమ్మారు. అంటే ఈ సాహిత్యానికి సంతలో చోటు దొరికింది గానీ గ్రంథాలయంలో విడిగా ఒక అర దొరకలేదు. ఇప్పటికీ చాలా కొట్లలో ఇవి పిల్లల పుస్తకాల్లోనో డిటెక్టివ్ నవలల్లోనో కలిసిపోయి ఉంటాయి.

ఆ అర ఏర్పడకపోవడానికి పెద్ద కారణం పత్రికలు. 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలైన ‘చందమామ’లో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం జానపద ధారావాహికలు నడిపారు. ‘తోకచుక్క’తో మొదలై ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ మీదుగా అవి రెండు దశాబ్దాలు దాటి సాగాయి. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలు చూడగానే పోల్చుకునే పాఠకులకు కూడా కథ రాసిందెవరో తెలియదు, ఎందుకంటే ధారావాహిక మీద రచయిత పేరు వేయలేదు. నెలనెలా నాలుగైదు పేజీలు ఎదురుచూసి చదివిన తరానికి ఆ కథలు ఒక్క పుస్తకంగా చేతిలో ఉండాలన్న కోరిక చాలాకాలం కోరికగానే ఉండిపోయింది. పాత సంచికలు వెతికి, స్కాన్ చేసి, ఒకరికొకరు పంచుకుని ఆ కథలను నిలబెట్టింది అభిమానులు. పుస్తకరూపం ఇవ్వడానికి పూనుకున్నది చిన్న ప్రచురణకర్తలు.

ఇక్కడే కాపీరైటు ప్రశ్న వస్తుంది. ఈ పనిలోకి వచ్చేవారు దీన్ని చట్టం చదివే తేల్చుకోవాలి. కబుర్ల మీద ఆధారపడితే లాభం లేదు. పత్రికలో ఉద్యోగిగా ఉంటూ ఆ పత్రిక కోసం రాసిన రచన మీద యజమానికి ఉండే హక్కు, 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, పత్రికలో వేసుకోవడం వరకే. వేరే ఒప్పందం లేకపోతే పుస్తకంగా వేసే హక్కు రచయితదే, ఆయన తరువాత వారసులది. పేరు లేకుండా అచ్చయిన రచనకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు గడువు. ఆ గడువులోపే రచయిత ఎవరో బయటపడితే లెక్క మారి, ఆయన మరణించిన తరువాత 60 ఏళ్లవుతుంది. దాసరి సుబ్రహ్మణ్యం 2010లో మరణించారు. కాబట్టి పాత చందమామ ఎవరిదీ కాదనుకుని అచ్చుకు దిగడం పొరపాటు. అనువాదాలకూ ఇదే కొలత. 1946లో పోయిన హెచ్.జి. వెల్స్‌ను ఎవరైనా తెలుగు చేయవచ్చు. 1992లో పోయిన అసిమోవ్‌ను అనుమతి లేకుండా ముట్టుకోవడానికి 2052 దాటాలి.

పత్రికలో పుట్టిన కథను చిన్న సంస్థ పుస్తకం చేయడం తెలుగుకు మాత్రమే ప్రత్యేకం కాదు. అమెరికాలో ఆగస్ట్ డెర్లెత్, డొనాల్డ్ వాండ్రై 1939లో ఆర్కమ్ హౌస్ పెట్టింది, పత్రికల్లో చెల్లాచెదురుగా ఉన్న భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ కథలను పెద్ద సంస్థలు పట్టించుకోకపోవడం వల్లే. మొదటి పుస్తకం 1,268 ప్రతులు. 1948లో మొదలైన నోమ్ ప్రెస్ అసిమోవ్ ‘ఐ, రోబోట్’ను 1950లో, ‘ఫౌండేషన్’ మూడు భాగాలను 1951 నుంచి 1953 వరకు వేసింది. వాటిలో దాదాపు అన్ని కథలూ అంతకుముందు పత్రికల్లో వచ్చినవే. నోమ్ ప్రెస్ రచయితలకు డబ్బు సరిగా ఇవ్వలేదు. చివరికి ఆ పుస్తకాలు డబుల్‌డే అనే పెద్ద సంస్థ చేతికి పోయాయి. మంచి పుస్తకాన్ని ముందుగా గుర్తుపట్టే చూపు, లెక్కలు రాసుకునే ఓపిక ఒకే మనిషిలో ఉండటం అరుదు. చిన్న సంస్థలు మూతపడేది చాలావరకు ఆ రెండోది లేకే.

తెలుగు సైన్స్ ఫిక్షన్ కథ కూడా పత్రికల చుట్టూనే తిరిగింది. కొడవటిగంటి కుటుంబరావు ‘గ్రహశకలం’ రాశారు. యండమూరి వీరేంద్రనాథ్ ‘చీకట్లో సూర్యుడు’, ‘యుగాంతం’ నవలలతో ఈ కోవను వారపత్రికల పాఠకుల ఇళ్లలోకి తెచ్చారు. కె.ఆర్.కె. మోహన్ ఏళ్ల తరబడి ఈ కథలే రాశారు. వైద్యులు చిత్తర్వు మధు ‘కుజుడి కోసం’ వంటి నవలలు రాశారు. వీటిలో యండమూరివి తప్ప మిగతావి ఇవాళ కొట్లో అడిగితే దొరకడం కష్టం. హైదరాబాద్ సోమాజిగూడ నుంచి 1978 మొదలు వెలువడిన మాసపత్రికలు ‘చతుర’, ‘విపుల’ కోవిడ్ కాలంలో అచ్చు ఆపేశాయి. నెలకో నవల, నెలకో కట్ట కథలు అడిగే చోటు పోయాక, కొత్త రచయిత తొలి గుమ్మం చిన్న ప్రచురణ సంస్థే అయింది.

ఆ గుమ్మం ఇప్పుడు మనం ఉన్న అమీర్‌పేటకు దగ్గరలోనే ఉంది. ఇక్కడి నుంచి మెట్రోలో ఒక స్టేషన్ దూరమైన మధురానగర్ పేరు ఛాయా రిసోర్సెస్ సెంటర్ పుస్తకాల మీద చిరునామాగా అచ్చయింది. అది ఫాంటసీకే పరిమితమైన సంస్థ కాదు. తెలుగులో అలా పరిమితమై బతికే వీలు ఇంకా లేదు. కథలు, అనువాదాలు వేసే ఇలాంటి సంస్థలే మధ్యమధ్యలో ఒక వింత పుస్తకాన్ని మోస్తాయి. పనిముట్ల మాటకొస్తే అమీర్‌పేటను మించిన చోటు లేదు. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో జావా, ఒరాకిల్ నోట్సు జిరాక్స్ చేసి స్పైరల్ బైండింగ్ వేసి అమ్మే కొట్లు ఎన్నో. ఎవరూ అలా పిలవరు గానీ అదీ చిన్న ప్రచురణే: గిరాకీ ఉన్నంతే వేయడం, అయిపోతే మళ్లీ వేయడం. డిజిటల్ ముద్రణ సూత్రం కూడా అదే. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు 50 ప్రతులకైనా 500 ప్రతులకైనా ఒకటే కాబట్టి ప్రతులు పెరిగేకొద్దీ ఒక్కోదాని ఖర్చు దిగుతుంది. డిజిటల్‌లో మొదటి ప్రతికీ వందో ప్రతికీ పేజీ ధర ఒక్కటే. నూట యాభై ప్రతుల పుస్తకానికి డిజిటల్, ఐదు వందలు దాటితే ఆఫ్‌సెట్ అన్నది అందుకే. ఒక్క జాగ్రత్త చాలామంది మరిచిపోతారు. కాగితం గ్రెయిన్, అంటే అందులో పీచు సాగిన దిశ, పుస్తకం వీపుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే బైండింగ్ బిర్రబిగుసుకుని, పుస్తకం తెరిచిన చేతిని తోసేస్తుంది.

అక్షరాల సంగతి ఇంకా మెలికలది. హైదరాబాద్ డీటీపీ కొట్లు దశాబ్దాలపాటు అను ఫాంట్ల మీద, పేజ్‌మేకర్ మీద నడిచాయి. అందులో కొట్టిన పాఠం కంటికి తెలుగు. కంప్యూటర్‌కు మాత్రం అది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం. అలాంటి ఫైలును ఈ-బుక్ చేయాలంటే ముందు యూనికోడ్‌కు మార్చాలి, మార్చిన ప్రతిసారీ ఎక్కడో ఒక వత్తు ఎగిరిపోతుంది. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, సురన్న, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరకడం చిన్న ప్రచురణకర్తకు పెద్ద ఊరట. ‘రాష్ట్రం’ అన్న మాటలో ట వత్తు, దాని తోడు రావత్తు కిందికి దిగితే, కింది వరసలోని గుడి దీర్ఘం పైకి లేచి వాటిని గుద్దుతుంది. అందువల్ల ఇంగ్లీషు పుస్తకం కంటే తెలుగు పుస్తకానికి వరసల మధ్య ఎక్కువ ఎడం కావాలి, పేజీలు పెరుగుతాయి. ఊహాలోకాల కథలో కొత్త కొత్త పేర్లు పుడతాయి కాబట్టి ఈ ఢీకొట్టడం మరీ ఎక్కువ. సంపాదకుడి బల్ల మీద ఇంకో తగువు ఉంటుంది: మరమనిషా, రోబోనా? కాలయంత్రమా, టైమ్ మెషీనా? ఏదైనా ఫరవాలేదు, పుస్తకం మొత్తంలో ఒకటే ఉండాలి. అయినా ‘మరమనిషి’లో ఉన్న మనిషి ‘రోబో’లో లేడు. ఆ తేడా కథకు పనికొస్తుందా లేదా అన్నది అచ్చుకు ముందే తేల్చుకోవాలి.

లెక్క ఒకటి వేసి చూస్తే పని స్వరూపం తెలుస్తుంది. ఉదాహరణకు పుస్తకం వెల 200 రూపాయలు అనుకుంటే, పంపిణీదారుకు 40 శాతం కమీషన్ పోను 120 మిగులుతుంది. ముద్రణకు 80, రచయితకు 10 శాతం చొప్పున 20 పోతే మిగిలేది 20. 500 ప్రతుల్లో సమీక్షలకూ మొహమాటాలకూ యాభై పోను, మిగతా 450 అమ్ముడైతే 9,000 రూపాయలు; ఊరికే ఇచ్చిన ఆ యాభై ప్రతుల ముద్రణ ఖర్చు 4,000 తీసేస్తే చేతికొచ్చేది 5,000. ముఖచిత్రం గీసినవారికి, డీటీపీకి, ప్రూఫులకు ఇవ్వాల్సింది అందులోనుంచే. పుస్తకం మీద జీఎస్టీ లేకపోవడం పైకి వరంలా కనిపిస్తుంది. అమ్మకం మీద పన్ను లేదు కాబట్టి కాగితం మీదా ముద్రణ మీదా కట్టిన పన్ను వెనక్కి రాదు. ఐఎస్‌బీఎన్ మాత్రం నిజంగా ఉచితం, ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఇస్తుంది.

కమీషన్ తప్పించుకోవాలంటే నేరుగా పాఠకుడికే పంపాలి, అప్పుడు తపాలా ఖర్చు లెక్కకొస్తుంది. 2025 మే 1న తపాలా శాఖ మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు. డెమీ సైజులో, 70 జీఎస్ఎం కాగితం మీద 14 ఫారాలు, అంటే 224 పేజీలు, అట్టతో కలిపి సుమారు 255 గ్రాములు తూగుతాయి. కవరులో పెట్టినా 300 దాటదు. ఇంకో రెండు ఫారాలు పెరిగి 256 పేజీలైతే పుస్తకమే 290 దగ్గరికి వస్తుంది, కవరు పెట్టగానే పై శ్లాబులో పడుతుంది. ఆఖరి అధ్యాయం కాస్త తగ్గించమని సంపాదకుడు రచయితను బతిమాలేది ఎప్పుడూ కళ కోసమే అనుకోనక్కర్లేదు. ఈ రాయితీ విద్య, సామాజిక, సాంస్కృతిక, ధార్మిక విషయాల పుస్తకాలకు. మాంత్రికుడి నవల వీటిలో దేనికిందికి వస్తుందో కౌంటర్‌లో కూర్చున్నవారి దయ.

అమ్మకానికి పెద్ద పండుగ హైదరాబాద్ బుక్ ఫెయిర్. ఎన్టీఆర్ స్టేడియంలో సుమారు పది రోజులపాటు అట్ట బొమ్మ చూసి ఆగినవాడే కొనేవాడు. 1991లో ‘ఆదిత్య 369’ చూసిన ఊరు, 2024లో ‘కల్కి 2898 ఏడీ’కి వరస కట్టిన ఊరు కాలప్రయాణానికి, మాయాయుద్ధానికి కొత్తది కాదు. అయితే ‘బాహుబలి’కి ముందుకథగా 2017లో వచ్చిన నవల మొదట వెలువడింది ఇంగ్లీషులో, వేసింది పెద్ద సంస్థ. తెలుగు సినిమా లోకానికి తెలుగు నవల వెంటనే పుట్టకపోవడం చిన్న ప్రచురణకర్తలకు కాస్త సిగ్గు కలిగించాల్సిన సంగతే.

అచ్చు పూర్తయ్యాక మిగిలే చివరి పని చట్టానిది. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో ప్రచురణకర్త తన ఖర్చుతో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై కన్నెమరా, ముంబై సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు తలా ఒకటి పంపాలి. ఆ నాలుగింటిలో తెలుగు రాష్ట్రాల్లోది ఒక్కటీ లేదు. మంచం కింది పెట్టె ఖాళీ అయిన ఇరవై ఏళ్లకు ఎవరికైనా అమీర్‌పేటలో అచ్చయిన ఒక జానపద నవల కావాల్సొస్తే, అది తప్పకుండా దొరికే దగ్గరి చోటు చెన్నై.