పట్నం పెద్దదైతే మనసూ పెద్దదవుతుందా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మన ఆడవాళ్ళం నలుగురం ఒకచోట చేరితే ఊళ్ళ మాట రాకుండా వుండదు. "విశాఖపట్నం అయితే ఫరవాలేదమ్మా, అక్కడ ఎవరి గొడవ వాళ్ళది. ఇక్కడైతే వీధి చివరిదాకా వెళ్ళొచ్చేసరికి పదిమందికి సమాధానం చెప్పుకోవాలి" అంటుంది ఒకావిడ. "విజయవాడ వాళ్ళు చైతన్యం వున్నవాళ్ళు" అంటుంది ఇంకొకావిడ. తిరుపతిలో ఆచారం ఎక్కువంటారు. హైదరాబాదులో ఏదైనా చెల్లుతుందంటారు. ఇక మన నర్సీపట్నం సంగతి అడగనే అక్కర్లేదు, అడవి అంచున వున్న ఊరు, ఇక్కడేం అభ్యుదయం అనేస్తారు.

ఇలా ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క ముద్ర వేసేస్తాం. ఊరికే కబుర్లకైతే నష్టం లేదు. కాని ఆ ముద్ర చూసే పిల్లని ఏ ఊరి కాలేజీకి పంపాలో, ఏ ఊళ్ళో ఉద్యోగానికి సరేననాలో, ఏ ఊరి సంబంధం ఖాయం చేసుకోవాలో తేల్చేస్తున్నాం. ఆడపిల్ల బతుకు దానిమీద ఆధారపడి వున్నప్పుడు ఆ ముద్ర సరైనదో కాదో ఒకసారి తరిచి చూడడం మంచిది కదా. ఈ వేళ ఆ పనే చేద్దాం.

ముందుగా రాజమండ్రి. సంఘ సంస్కరణ అనగానే మనకి గుర్తుకొచ్చే ఊరు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది అక్కడే. అంచేత అది అభ్యుదయ నగరం అన్నాం. బాగానే వుంది. కాని ఆ పెళ్ళి చేసిన వాళ్ళని వెలివేసింది కూడా ఆ ఊరే. వంటవాళ్ళు రావడం మానేశారు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు తానే గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి, తానే వంట చేసి ఆ ఇల్లు నడిపింది. మరి ఏది రాజమండ్రి? పెళ్ళి చేసిన ఇల్లా, తలుపులు మూసుకున్న వీధా? రెండూ రాజమండ్రే. చరిత్రలో మొదటిది నిలిచింది, ఆ రోజున లెక్కకి ఎక్కువమంది రెండోదాంట్లో వున్నారు.

ఇక విజయనగరం. "కన్యాశుల్కం" నాటకం 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడ అప్పారావు గారు ఆ నాటకం ముందుమాటలో కొన్ని లెక్కలు చెప్పారు. మూడేళ్ళలో మొత్తం 1034 కన్యాశుల్క వివాహాలట. అందులో పెళ్ళికూతురికి అయిదేళ్ళున్నవి 99. మూడేళ్ళ పిల్లలు 36 మంది. ఏడాది పిల్లలు కూడా ముగ్గురు వున్నారు! ఇవి ఎక్కడో దూరదేశం లెక్కలు కావు, ఆనాటి విశాఖపట్నం జిల్లాలో సేకరించినవి. అంటే మన విజయనగరమూ మన నర్సీపట్నమూ కలిసివున్న జిల్లా. సంగీతానికీ సాహిత్యానికీ పేరు మోసిన చోటే పాలు తాగే పిల్లల్ని అమ్ముకున్నారు. ఆ సంగతి ఎత్తిచూపి నవ్వించి సిగ్గుపడేలా చేసిన నాటకమూ అక్కడే పుట్టింది.

విజయవాడ చూడండి. గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకి తెచ్చారు. తన పెద్దమ్మాయికి దళిత యువకుడితో సేవాగ్రాంలో, గాంధీగారి ఆశ్రమంలో 1948లో పెళ్ళి చేశారు. ఆయన భార్య సరస్వతీ గోరా గారు ఆ మార్గంలో ఆయనకు సమానంగా నడిచిన మనిషి. అదే విజయవాడలో దసరా వస్తే ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ దర్శనానికి ఇసకేస్తే రాలనంత జనం. రెండూ ఒకే ఊళ్ళో పక్కపక్కనే వున్నాయి, ఒకదాన్నొకటి తరిమెయ్యలేదు. అది ఆ ఊరి పెద్దమనసే అని నేననుకుంటాను. అయితే ఆ జిల్లాల్లో ఎర్రజెండా ఎగిరిన ఎన్ని లోగిళ్ళలో కోడలు తెచ్చిన కట్నం లెక్కపెట్టలేదు చెప్పండి? వీధిలో జెండా మగవాడు పట్టుకుంటాడు. వంటింట్లో చట్టం మాత్రం అత్తగారి కాలంనాటిదే.

తిరుపతిలో ఆచారం ఎక్కువన్నాం కదా. మన రాష్ట్రంలో ఆడవాళ్ళకంటూ ప్రత్యేకంగా విశ్వవిద్యాలయం, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, 1983లో వెలిసింది ఆ తిరుపతిలోనే. "కోఎడ్యుకేషన్ అయితే పంపను" అని మొండికేసిన రాయలసీమ తండ్రులు కూడా అమ్మవారి పేరున్న కాలేజీ అనేసరికి మెత్తబడ్డారు. ఆచారమే ఆ పిల్లలకి చదువు తలుపు తీసింది. దీన్ని ఏ ఖాతాలో రాస్తారు?

ఇప్పుడు మన విశాఖపట్నం. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం అక్కడ స్థిరపడింది. 1933లో ఓడరేవు వచ్చింది, తర్వాత నౌకా నిర్మాణ కేంద్రం, నేవీ వచ్చాయి, 1966 నాటి ఉద్యమం పుణ్యమా అని ఉక్కు కర్మాగారం వచ్చింది. బెంగాలీలు, ఒరియావాళ్ళు, అరవవాళ్ళు, ఉత్తరాది వాళ్ళు అందరూ వచ్చి కలిశారు. పక్కవాటాలో ఎవరున్నారో తెలియకుండానే ఏళ్ళు గడిచిపోతాయి. అంచేత అక్కడ ఆడపిల్లకి కొంత ఊపిరాడుతుంది, నిజమే. కాని ఒక్కమాట. అడగకపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. నాకు తెలిసిన ఒక అమ్మాయి, ఆసుపత్రిలో నర్సు, అక్కడ అద్దె ఇల్లు వెతుక్కుంది. ఏ గుమ్మం ఎక్కినా మొదటి ప్రశ్న "మీరేమిట్లు?" రెండో ప్రశ్న "మగదిక్కు ఎవరూ లేరా?" మూడోది "రాత్రి డ్యూటీలుంటాయా?" అద్దె ఎంత ఇస్తావన్నది నాలుగో ప్రశ్న! సముద్రం అంత విశాలంగా ఎదురుగా కనిపిస్తూనే వుంది, గుమ్మం మాత్రం ఇరుకు.

హైదరాబాదు సంగతీ అంతే. లక్షలాది ఆడపిల్లలు ఉద్యోగాలు చేస్తున్నారు, హాస్టళ్ళలో వుంటున్నారు, స్వేచ్ఛ వుంది. కాని ఆడపిల్లల్ని ఏడిపించేవాళ్ళని పట్టుకోవడానికి 2014లో షీ టీములని పోలీసు దళాలు పెట్టవలసి వచ్చింది. ఆ హైదరాబాదు నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణంలో వున్న మిర్యాలగూడలో 2018లో, కూతురు కులం కానివాణ్ణి చేసుకుందని అల్లుణ్ణి పట్టపగలు చంపించారు. గర్భంతో వున్న ఆ పిల్ల కళ్ళముందే. సంపాదించిన డబ్బూ, తిరిగిన కార్లూ ఆ తండ్రి మనసుని మార్చలేదు.

ఇక అడవి అంచున వున్న మన ఊరు. చింతపల్లి, కృష్ణదేవిపేట మనకి ఇరుగుపొరుగు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యం జనాన్ని కూడగట్టుకుని వరసగా మూడు రోజులు మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి చేసిన గడ్డ ఇది. ఆయన సమాధి కృష్ణదేవిపేటలోనే వుంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మనం అనకాపల్లి జిల్లాలోకి వచ్చాం, కొండమీద వాళ్ళకి ఆ వీరుడి పేరుతోనే జిల్లా అయింది. పసుపూ చింతపండూ మూటకట్టుకుని కొండ దిగి సంతకొచ్చే ఆడవాళ్ళని మనం రోజూ చూస్తూనే వున్నాం. "పాపం వెనకబడ్డవాళ్ళు" అంటాం.

ఏ విషయంలో వెనకబడ్డారో ఆలోచించారా? చదువులో, వైద్యంలో, రోడ్లలో వెనకబడ్డారు, అది వాళ్ళ తప్పు కాదు. కాని ఆ కొండల్లో చాలా తెగల్లో భర్త పోయిన మనిషి మారుమనువు చేసుకోవడం ఎప్పటినుంచో వున్న మాటే. దానికి వీరేశలింగం గారు రానక్కర్లేకపోయింది. పొసగని మొగుణ్ణి విడిచిపెట్టడానికి పెద్దల ముందు ఒక పద్ధతి వుంది. కట్నం లేదు, మగపెళ్ళివారే ఓలి ఇచ్చుకుంటారు. ఓలి అయినా వెలే కదా అని మీరనవచ్చు, నేనూ కాదనను. అయితే కొండ దిగి వచ్చి నాలుగక్షరాలు నేర్చుకుని ఉద్యోగం వచ్చాక, మన దగ్గర వాళ్ళు నేర్చుకుంటున్నవాటిలో కట్నం కూడా ఒకటి. ఇదా మనం చూపించిన నాగరికత?

మరి రాజకీయం మాటేమిటి, ఓట్లు చూసి చెప్పలేమా అని అడగవచ్చు. నాకలా తోచదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో నాలుగు ముక్కలు నేర్చుకున్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా రాజుకుంది. 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించేశారు, అది వేరే కథ. తాగుడు మానిపించడం పాతకాలపు ఛాందసం అనేవాళ్ళున్నారు. సాయంత్రం ఇంటికి కూలి డబ్బు వస్తుందో దెబ్బలే వస్తాయో తెలియని ఆడదాన్ని అడగండి, అది ఛాందసమో విముక్తో చెబుతుంది. ఆ ఉద్యమం పుట్టింది కూడా ఒక పల్లెలో, ఏ మహానగరంలోనూ కాదు.

చట్టాలకీ కొదవలేదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కు కల్పిస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. ఆ విషయంలో మనం దేశానికి దారి చూపించాం. మరి మన వీధిలో ఎందరు ఆడపడుచులు వాటా తీసుకున్నారు? "పుట్టింటి రాకపోకలు చెడిపోతాయమ్మా" అని రిజిస్ట్రారాఫీసులో సంతకం పెట్టి, చీరా జాకెట్టూ పుచ్చుకుని వచ్చినవాళ్ళే ఎక్కువ. 2011లో స్థానిక సంస్థల్లో మనకి సగం సీట్లు ఇచ్చారు. సర్పంచిగారింటికి ఫోను చేస్తే ఎవరు తీస్తున్నారో మీకు తెలుసు. బాల్యవివాహాల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయింది. దేశం మొత్తం మీద నూటికి 23. గురజాడ వారు లెక్కలు చెప్పి నూట పాతికేళ్ళు దాటింది!

మన ఊరి పేరుతో రైలు స్టేషను వుంది, నర్సీపట్నం రోడ్డు అని. కొత్తవాళ్ళు బోర్డు చూసి ఊరొచ్చేసిందనుకుని దిగిపోతారు. తీరా చూస్తే ఇంకా చాలా దూరం బస్సులో రావాలి. అభ్యుదయం కూడా అంతే. బోర్డులు అన్ని ఊళ్ళకీ వున్నాయి. అక్కణ్ణుంచి ఇంటిదాకా రావలసిన దారే మిగిలింది.

అంచేత ఒక ఊరు ఎలాంటిదో తెలుసుకోవాలంటే పెద్ద భవంతులూ, గోడమీద నినాదాలూ చూడకండి. నాలుగు సంగతులు వాకబు చెయ్యండి. ఒంటరి ఆడమనిషికి కులం అడక్కుండా ఇల్లు అద్దెకిస్తారా? చీకటి పడ్డాక పిల్ల బస్సు దిగి భయం లేకుండా ఇల్లు చేరగలదా? ఇంట్లో పనిచేసే మనిషికి మీరు తాగే గ్లాసులోనే కాఫీ ఇస్తారా, గట్టు మీద విడిగా బోర్లించిన గ్లాసు వుందా? భర్త పోయిన మనిషిని పేరంటానికి పిలుస్తారా? ఈ నాలుగింటికీ వచ్చే జవాబులే ఆ ఊరి అసలు రాజకీయం.

ఈ నాలుగింటిలో మూడు మన చేతిలోనివే. బస్సు మాట మునిసిపాలిటీనీ పోలీసునీ అడగాలి, తప్పకుండా అడుగుదాం. మిగతా వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేరంటం పిలుపులకి వెళ్ళేది మనమే, బొట్టు పెట్టేదీ మనమే. ఎవరి గుమ్మం దాటేసి వెళ్ళాలో నిర్ణయించేదీ మనమే. మగవాళ్ళ మీదికి నెట్టడానికి వీల్లేని పని అది. వెనకవాటా ఖాళీ వుంటే ఎవరికివ్వాలో మాట చెప్పేదీ చాలా ఇళ్ళలో మనమే. గ్లాసు సంగతి చెప్పనే అక్కర్లేదు.

వచ్చే శ్రావణమాసంలో పసుపు కుంకాలకి బయలుదేరినప్పుడు, ప్రతియేడూ తలుపు తట్టకుండా దాటిపోయే ఆ ఇంటిముందు ఒక్క నిమిషం ఆగండి. "రండి వదినగారూ, మీరూ రావాలి" అని పిలవండి. ఆవిడ మొదటిసారి రాకపోవచ్చు. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళు కదలవు. మళ్ళీ వారం మళ్ళీ పిలవండి.