పందెం కారు కన్నా ముందు లేతు మిషను: నరైన్ కార్తికేయన్ ప్రస్థానం



గురువుగారి పేరిట జరిగే ఈ ఉపన్యాసాల్లో ఇంతకుముందు శాసనాల గురించి, చెరువుల గురించి, చేనేత గురించి పెద్దలు మాట్లాడారు. నేను ఒక పందెం కారు డ్రైవరు గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. గురువుగారు ఉంటే తటపటాయించేవారు కాదు. శిల్పి గురించి వ్యాసం రాసుకెళితే, ఉలి చేసిన కమ్మరి ఎవరని అడిగి వెనక్కి పంపేవారాయన. పనివాడి పేరు చరిత్రకెక్కుతుంది, పనిముట్టు చేసినవాడి పేరు ఎక్కదు. ఆ లోటు పూడ్చడమే చరిత్రకారుడి పని అని ఆయన నమ్మిక. ఇవాళ నేను చేయబోయేది కూడా అదే.

నరైన్ కార్తికేయన్ 1977 జనవరి 14న కోయంబత్తూరులో పుట్టాడు. 2005లో ఫార్ములా వన్ పందెంలో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. 2010లో పద్మశ్రీ అందుకున్నాడు. ఈ మూడు వాక్యాలూ మీకు తెలిసినవే. ఫార్ములా వన్ అంటే ఏమిటో చెప్పి మీ సమయం వృథా చేయను. కోయంబత్తూరు కుర్రాడు అక్కడిదాకా ఎట్లా వెళ్లాడన్నదే నా ప్రశ్న. జవాబు కోసం అతను పుట్టకముందు సంగతుల్లోకి వెళ్లక తప్పదు.

రాజుల కాలాన్ని నేను దాటేస్తాను. ఏ సంస్థానాధీశుడు ఏ కారు దిగుమతి చేసుకున్నాడో, ఏ విందు తర్వాత ఎవరితో పందెం కాశాడో వివరించే పుస్తకాలు చాలా ఉన్నాయి. రంగుల బొమ్మలతో అందంగా కూడా ఉంటాయి. ఆ కార్లు చెడిపోతే బాగుచేసింది ఎవరన్న ఊసు మాత్రం వాటిలో దొరకదు. కనుక నాకు వాటితో పనిలేదు.

నా పని షోళవరం దగ్గర మొదలవుతుంది. మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరు వైపు వచ్చే రహదారి పక్కన, రెండో ప్రపంచ యుద్ధం వదిలిపెట్టి వెళ్లిన ఎయిర్‌స్ట్రిప్ అది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు దాని మీదే పందేలు నడిపింది. విమానం దిగే దారికీ కారు పందేనికి కావలసిన దారికీ పొంతన కుదరదు. రన్‌వే తిన్నగా పోతుంది. మలుపు కావాలంటే అడ్డాలు పెట్టి కల్పించుకోవాలి. తిన్నటి దారిలో ఇంజను శక్తి గెలుస్తుంది, మనిషి చెయ్యి తేలేది మలుపులోనే. అందుకని షోళవరంలో పెద్ద ఇంజను తెచ్చుకోగలిగినవాడికి మొగ్గు ఎక్కువ. 1980ల మొదట్లో విజయ్ మాల్యా అక్కడ ఏకంగా ఒక ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారునే తోలాడు. అది చూడటానికి జనం విరగబడ్డారు. కానీ ఆ కారును చూసి ఉత్సాహపడ్డ కుర్రాడు మర్నాడు ఏం తోలాలి? దేశంలో దొరికేవి అంబాసిడరు, పద్మిని, స్టాండర్డు. దిగుమతి సుంకాలు సరే సరి.

ఆ కుర్రాడికి బండి ఇచ్చినవాడు ఎస్. కరివర్ధన్. నరైన్‌కు దగ్గర బంధువు, కోయంబత్తూరు మిల్లు కుటుంబాలవాడు, తనే స్వయంగా పందెగాడు. నా పరిశోధనలో ఎక్కువ కాలం ఆయనతోనే గడిచింది కాబట్టి ఇక్కడ కొంచెంసేపు నిలబడనివ్వండి.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్లు. మధ్యతరగతి ఇంటి కారుగా దాని చరిత్ర అందరూ రాశారు. మెకానిక్కు కంటితో చూస్తే అందులో మరో విశేషం ఉంది. ముందు చక్రాలను తిప్పే బండి కావడంతో ఇంజను, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ మూడూ ఒకేచోట కలిసి ఉంటాయి. అంబాసిడరులో అయితే ఇంజను ముందు, డిఫరెన్షియల్ వెనక, మధ్యలో పొడుగాటి షాఫ్టు. మారుతిలో ఆ మొత్తాన్నీ ఒకే ముద్దగా ఊడదీసి, తీసుకెళ్లి డ్రైవరు వీపు వెనక బిగించవచ్చు. అసలైన పందెం కార్ల అమరిక కూడా అదే. ఒక సీటు, నాలుగు బయటి చక్రాలు, వెనక ఇంజను. కరివర్ధన్ పట్టుకున్న కిటుకు ఇదే. కోయంబత్తూరులో గొట్టాలతో చాసిస్ వెల్డింగు చేయించి, మారుతి ముద్ద వెనక పెట్టి, సింగిల్ సీటరు కార్లు తయారుచేశాడు. ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతి ఇంజన్ అన్నది దాని పూర్తి పేరు. పొడి అక్షరాలు కలిపి ఫిస్మీ అన్నారు. జనం నోట ఫార్ములా మారుతి అయింది.

దీనివల్ల ఏమైందో చూడండి. ప్లగ్గు పోతే పక్క సందులో దొరుకుతుంది. క్లచ్ ప్లేటు అరిగితే ఊరి మెకానిక్కే వేస్తాడు. అందరి ఇంజనూ ఒకటే కాబట్టి ఓడినవాడు బండి మీద నెపం వేయలేడు, గెలిచినవాడి ఘనత తండ్రి ఖాతాలో పడదు. సముద్రం ఈదాలనుకునేవాడికి మొదట ఊరి చెరువు ఉండాలి. మన దేశంలో పందెం డ్రైవర్లకు ఆ చెరువు తవ్వినవాడు కరివర్ధన్. 1990లో మద్రాస్ క్లబ్బు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల సొంత ట్రాకు తెరిచింది. అక్కడ నిజమైన మలుపులున్నాయి. బండీ సిద్ధం, దారీ సిద్ధం. నరైన్ అప్పటికి పదమూడేళ్లవాడు.

ఆ కుర్రాడి తండ్రి జి.ఆర్. కార్తికేయన్ జాతీయ ర్యాలీ చాంపియన్. సౌత్ ఇండియా ర్యాలీని ఏడుసార్లు గెలిచాడు. ఇంట్లో వినపడే మాటలే ఇంజను మాటలు. శ్రీపెరంబుదూరులో ఫార్ములా మారుతితో తోలిన తొలి పందెంలోనే నరైన్ మొదటి ముగ్గురిలో నిలిచాడు. 1992లో ఫ్రాన్సులోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూలుకు వెళ్లి, అక్కడి పోటీలో సెమీఫైనల్ దాకా వచ్చాడు. 1993లో మళ్లీ తిరిగొచ్చి ఫార్ములా మారుతి తోలాడు. ఈ తిరిగి రావడాన్ని ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో ఇదే కీలకం. ఫ్రాన్సు చూసివచ్చిన పదహారేళ్లవాడికి ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికి బండి ఉంది. పదేళ్ల ముందు పుట్టి ఉంటే ఉండేది కాదు.

ఇక్కడే నాకూ కొందరు పండిత మిత్రులకూ చాలాకాలంగా నడుస్తున్న తగాదా ప్రస్తావించాలి. వాళ్లు ఈ సభలో కూడా ఉన్నారు, నవ్వుతున్నారు. వాళ్ల వాదం సూటిగా ఇది: మోటారు పందెం డబ్బున్నవాడి ఆట, నరైన్ మిల్లు యజమానుల బిడ్డ, పెద్ద కంపెనీలు మూటలిచ్చాయి, అతను వెళ్లాడు, అంతే. దీన్ని నేను మూటవాదం అంటాను. నాది లేతు మిషను వాదమని వాళ్లు వెక్కిరిస్తారు. ఆ పేరు నాకు సమ్మతమే.

డబ్బు లేకుండా ఇది జరిగిందని నేనెప్పుడూ అనలేదు. నేనడిగేది ఒక్కటే. డబ్బు బొంబాయిలో లేదా? కలకత్తాలో లేదా? జుహూ, బారక్‌పూర్ ఎయిర్‌స్ట్రిప్‌ల మీద అక్కడా పందేలు జరిగాయి. షావుకార్ల బిడ్డలు విదేశీ కార్లు అక్కడా తోలారు. మరి మొదటి ఫార్ములా వన్ డ్రైవరు ఆ మహానగరాల నుంచి ఎందుకు రాలేదు? మూటవాదులు దీనికి యాదృచ్ఛికం అంటారు. చరిత్రకారుడు యాదృచ్ఛికం అన్నాడంటే ఆరోజుకు పని మానేశాడని అర్థం.

కోయంబత్తూరులో డబ్బూ లేతు మిషనూ ఒకే ప్రహరీలో ఉండేవి. నూలు మిల్లు పెట్టినవాడు మిల్లు యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపు పెట్టాడు. దాని పక్కన ఫౌండ్రీ వచ్చింది. ఫౌండ్రీ నుంచి బావుల మోటార్లు, పంపులు వచ్చాయి. దేశంలో తొలి విద్యుత్ మోటారు 1937లో ఆ ఊళ్లోనే తయారైంది. చేసినవాళ్లు డి. బాలసుందరం నాయుడు, జి.డి. నాయుడు. బస్సులు నడిపి, ఆ బస్సుల కోసం యంత్రాలు కనిపెట్టిన జి.డి. నాయుడుగారి పేరు మీరు వినే ఉంటారు. అక్కడి మిల్లు యజమాని నూనె మరకలకు సిగ్గుపడడు. గొట్టం వంచేవాడు, వెల్డింగు చేసేవాడు, పిస్టన్ తిప్పేవాడు కేకేస్తే పలికే దూరంలో ఉంటారు. కరివర్ధన్‌కు ఆలోచన వచ్చిన వారంలో దాన్ని ఇనుములో చూసుకోగల ఊరు అది. మరో ఊళ్లో అయితే అదే ఆలోచన క్లబ్బులో కబుర్లతో ముగిసేది.

ఇంకో వర్గం ఉంది, మనవాళ్లే. కోయంబత్తూరు నాయుళ్ల ఇళ్లలో తెలుగు మాట్లాడతారు కాబట్టి ఇదంతా తెలుగువాడి ప్రతిభ అని రాస్తారు. వాళ్లు నన్ను తమ పక్షంలో వేసుకోవద్దు. భాష కారణమైతే విజయవాడలోనో హైదరాబాదులోనో ఆ కార్లు పుట్టాలి. విజయవాడ ఆటోనగర్‌లో చేయితిరిగిన పనివాళ్లకు ఏ రోజూ కొదవలేదు. అక్కడ లేనిది వాళ్ల పక్కన నిలబడి పందెం కారు కట్టమని అడిగిన యజమాని. వంశం గురించి కాదు, ఊరి గురించి నేను మాట్లాడుతున్నది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సరే, ముందుకు పోదాం.

1994లో ఇంగ్లండులో ఫార్ములా ఫోర్డ్. ఆ ఏడాది వింటర్ సిరీస్ గెలిచి, నరైన్ యూరప్‌లో చాంపియన్‌షిప్ గెలిచిన మొదటి భారతీయుడయ్యాడు. 1995లో కరివర్ధన్ విమాన ప్రమాదంలో మరణించాడు. ఆయన తయారుచేసిన కార్లలో నేర్చుకున్న కుర్రాడు మరుసటి ఏడాదే ఫార్ములా ఆసియా చాంపియన్ అయ్యాడు. తర్వాత ఫార్ములా ఓపెల్, మూడేళ్ల బ్రిటిష్ ఫార్ములా త్రీ. ఆ పట్టికలన్నీ చదివితే మనకు నిద్ర వస్తుంది. 1999లో బ్రాండ్స్ హ్యాచ్‌లో రెండు గెలుపులు, 2000లో మొత్తం మీద నాలుగో స్థానం అని గుర్తుపెట్టుకుంటే చాలు. 2001 జూన్ 14న సిల్వర్‌స్టోన్‌లో జాగ్వార్ కారు పరీక్షించి, ఫార్ములా వన్ కారు తోలిన తొలి భారతీయుడు అనిపించుకున్నాడు. మూటవాదులు కథ ఇక్కడ మొదలుపెడతారు. నేను చెప్పిందంతా అప్పటికే జరిగిపోయింది.

2005లో జోర్డాన్ జట్టు. టాటాలు, భారత్ పెట్రోలియం, జేకే టైర్ వెంట నిలిచాయి. మెల్‌బోర్న్‌లో మొదటి పందెం. అర్హత పోటీలో 12వ స్థానం, పందెంలో 15వ స్థానం. జూన్ 19న ఇండియానాపొలిస్. ఆ ఏటి నిబంధన ప్రకారం అర్హత పోటీకీ పందేనికీ కలిపి ఒకే సెట్టు టైర్లు. శుక్రవారం వాలు మలుపులో రాల్ఫ్ షూమాకర్ మిషెలిన్ టైరు దెబ్బతిని గోడకు గుద్దుకున్నాడు. ఆ టైర్లు మొత్తం పందెం తట్టుకుంటాయని కంపెనీయే హామీ ఇవ్వలేకపోయింది. మిషెలిన్ వాడే 14 కార్లు ఫార్మేషన్ ల్యాప్ తర్వాత లోపలికి వెళ్లిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ వేసుకున్న ఆరు కార్లే మిగిలాయి. రెండు ఫెరారీలు, సహచరుడు మాంటెయిరో, తర్వాత నరైన్. నాలుగో స్థానం, ఐదు పాయింట్లు.

అవి ఊరికే వచ్చిన పాయింట్లని మళ్లీ అదే మిత్రులు. నిబంధన అందరికీ ఒకటే. దానికి నిలిచే టైరు ఒక కంపెనీ చేసింది, మరొకటి చేయలేకపోయింది. పనిముట్టు తేడా కొట్టిన పందేన్ని డ్రైవరు అదృష్టంగా రాయడం గురువుగారి శిష్యులకు తగదు. ఆరుగురు మిగిలినా పందెం నిడివి తగ్గించలేదు. చివరిదాకా బండి తప్పు చేయకుండా తోలినవాడికే పాయింట్లు వస్తాయి. దీని మీద ఇంకా చెప్పవలసింది ఉంది గానీ చీటీ వచ్చింది. పది నిమిషాలట.

2006, 2007లలో విలియమ్స్‌కు టెస్ట్ డ్రైవరు. ఏ1 గ్రాండ్ ప్రీలో భారత్ తరఫున 2007 డిసెంబరులో జుహాయ్‌లో, మరుసటి ఏడాది బ్రాండ్స్ హ్యాచ్‌లో గెలుపులు. 2010లో అమెరికాలో నాస్కార్ ట్రక్కులు. 2011లో హెచ్ఆర్‌టీ జట్టుతో మళ్లీ ఫార్ములా వన్. అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో మొట్టమొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీ, 17వ స్థానం. అదే బండి తోలిన సహచరుడు డేనియల్ రికియార్డో అతని వెనకే వచ్చాడు. 2012లో మలేసియాలో వాన కుండపోతగా కురుస్తుంటే, వెనక వరస నుంచి పూర్తి తడి టైర్లతో బయల్దేరి, పందెం మధ్యలో ఆపిన సమయానికి పదో స్థానంలో ఉన్నాడు. ఆ తర్వాత జపాన్‌లో సూపర్ ఫార్ములా, సూపర్ జీటీ. 2019 నవంబరులో ఫూజీలో ఒక గెలుపు. ఒక్కొక్కటీ ఒక్కో ఉపన్యాసానికి సరిపడే సంగతి. యువ పరిశోధకులకు వదిలేస్తున్నాను.

ముగిస్తాను. నరైన్ తర్వాత 2010లో కరుణ్ చందోక్ ఫార్ములా వన్‌లో దిగాడు. అతని తాతగారు మద్రాస్ క్లబ్బు స్థాపకుల్లో ఒకరు. ఇంతవరకు మనకు ఆ ఇద్దరే. గ్రేటర్ నోయిడాలో మూడేళ్లు పందెం జరిగి 2013తో ఆగింది. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగింది, రెండో ఏడు రద్దయింది. పందేన్ని డబ్బు పెట్టి తెప్పించుకోవచ్చని ఈ రెండూ రుజువు చేశాయి. పందెగాడు అట్లా రాడు. యూరప్ గుమ్మం దాటాక మూట అవసరమే, అక్కడ నా మిత్రులతో నాకు పేచీ లేదు. గుమ్మం దాకా నడిపించేది మాత్రం ఊళ్లో తయారయ్యే చవక బండి, ఊళ్లో దొరికే మరమ్మతు. కోయంబత్తూరు ఆ పని ఇంకా మానలేదు. కరివర్ధన్ పేరిట కరి మోటార్ స్పీడ్‌వే 2003లో తెరుచుకుంది. ఎల్‌జీబీ ఫార్ములా 4 కార్లు ఆ ఊరివే.

ఇక్కడున్న విద్యార్థులకు నా విన్నపం. డ్రైవర్ల జీవితచరిత్రలు రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. మీరు ఫార్ములా మారుతి చాసిస్‌లు వెల్డింగు చేసినవాళ్ల దగ్గరికి వెళ్లండి. వాళ్లు పెద్దవాళ్లవుతున్నారు. కొలతలు వాళ్ల తలల్లో ఉన్నాయి, కాగితం మీద లేవు. తమిళం రాకపోయినా ఫరవాలేదు, చాలా ఇళ్లలో తెలుగుతోనే పని జరుగుతుంది. రికార్డరు తీసుకుని ఈ వేసవి సెలవుల్లోనే బయల్దేరండి.