సున్నపు గోడకు సున్నమే మందు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముప్పై మూడేళ్ళు ఓవర్సీరుగా ఊళ్ళోవాళ్ళ గోడలన్నీ తనిఖీ చేసిన నేను సొంత ఇంటికి చేసిన చెరుపు గురించి చెబుతాను.

మాది పామర్రు దగ్గర పల్లె. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవలు పారాకనే మా వైపు రైతులకు ఇటుక ఇల్లు కట్టే స్తోమతు వచ్చిందని మా నాన్నగారు చెప్పేవారు. మాది తాతగారు కట్టించిన మండువా లోగిలి. నడుమ ఆకాశం కనబడుతుంది. చుట్టూ పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది. వాననీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోతుంది. వేడిగాలి పైకి పోతుంది గనుక రోహిణీ కార్తెలోనూ వసారాలో నిద్ర పడుతుంది. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే నేల. అందుకని పునాదిలో ఇసుక నింపారు. గోడలు రెండడుగుల మందం. ఎడ్లగానుగలో నూరిన సున్నంతో కట్టినవి.

రిటైరైన ఏడు గోడల అడుగున పెచ్చులూడుతున్నాయని సిమెంటు పూత పూయించాను. “సున్నపు గోడకు సున్నమే పెట్టాలండీ, బాబుగారూ” అన్నాడు ముసలి మేస్త్రీ. చదువుకున్నవాణ్ణి కదా, వినలేదు! రెండు వానాకాలాలు తిరిగేసరికి చెమ్మ నడుమెత్తుకు ఎక్కింది. పూత వెనక ఇటుక పిండిలా రాలింది.

కారణం చిన్నదే. నేలలోని చెమ్మ సున్నపు గోడలోంచి బయటికి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మతో ఎక్కిన ఉప్పు ఇటుకను లోపలే పగలగొడుతుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు పొందింది ఇంగ్లండులోనే. అక్కడి పాత ఇటుక రైతుఇళ్ళకూ సిమెంటు పూసి ఇదే తిప్పలు పడ్డారు. ఇప్పుడు వాటి మరమ్మతుకు మళ్ళీ సున్నమే వాడమంటున్నారు.

“పడగొట్టి డాబా వేద్దాం నాన్నా” అన్నాడు మా అబ్బాయి. “అత్తయ్యగారు కాపురం చేసిన ఇల్లండీ, ముందు ఆ పూత తీయించండి” అంది మా ఆవిడ. తీయించాను. ఒక వేసవంతా గోడలు ఆరనిచ్చి సున్నం పెట్టించాం. పడమటి గోడ దక్కలేదు, తిరిగి కట్టాం. మిగతావి నిలిచాయి. పని చేసింది ఆ మేస్త్రీ కొడుకే. పెద్దాయన అప్పటికే పోయాడు. ఆయనకు క్షమాపణ చెప్పుకోలేకపోయాను.

కనుక మిత్రులారా, మీ ఊళ్ళో పాత ఇల్లుంటే పడగొట్టే ముందు, పూత పూసే ముందు, సున్నం పని తెలిసిన మేస్త్రీని ఒక్కసారి అడగండి. వాళ్ళు ఉండగానే అడగండి.