వంగ రంగస్థల గాయని వినోదిని
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ప్రసిద్ధురాలైన ఒక ఆపెరా గాయని జీవితమును గూర్చి ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరిరి. కథ నంతటిని పాటగా నడపు పాశ్చాత్య నాటకమును ఆపెరా యందురు. అట్టి గాయనిని వెదకుటకు ఇటలీ దేశమునకు పోనక్కరలేదని నాకు తోచినది. ఈ నగరమున చిత్పూరు వీథి వెంట నడచినవారు జాత్రా సమాజముల పేళ్లలో 'ఆపెరా' యను మాటను చూచియే యుందురు. సంగీత ప్రధానమైన నాటకమునకు వంగీయులు ఆ మాటను ఎన్నడో సొంతము చేసికొనిరి. మనకు పద్యనాటక మెట్టిదో, పాటలతో నిండిన నాటకము వారికట్టిది. కావున ఈ నగరముననే పుట్టి, ఈ నగరమున పాడి పేరుగాంచిన వినోదినీ దాసిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. వంగీయు లామెను 'నటీ బినోదిని' యందురు.

ఆమె కథ తెలియుటకు ముందు ఆనాటి రంగస్థల స్థితి కొంత తెలియవలెను. కలకత్తాలో తొలుత స్త్రీ పాత్రలను పురుషులే ధరించెడివారు. 1873లో బెంగాల్ థియేటరువారు, మైకేల్ మధుసూదన దత్తుగారి సలహాపై, నలుగురు స్త్రీలను రంగమునకు తెచ్చిరి. ఆ స్త్రీలు వేశ్యవాటికలనుండి వచ్చినవారు. కులస్త్రీలు రంగమెక్కుట ఆనాడు ఊహింపరాని విషయము. వితంతు వివాహములకై జీవితమును ధారవోసిన విద్యాసాగరులవారు సైతము ఈ మార్పును అంగీకరింపక, ఆ నాటకశాలతో సంబంధము వదలుకొనిరి. అంతటి మహానుభావునకే మింగుడుపడని విషయమని యెరిగినచో, ఆ స్త్రీలు ఎట్టి చూపుల నడుమ నిలిచి పాడిరో మనకు బోధపడును.

మన తెలుగునాటను ఈ చిక్కు లేకపోలేదు. 1885లో కడప మండలమున సురభి గ్రామమునందు కీచకవధతో మొదలైన సురభి సమాజమువారు తమ యింటి ఆడపడుచులనే రంగమునకు తెచ్చి దానిని తీర్చిరి. తరువాతి కాలమున స్థానం నరసింహారావుగారు సత్యభామయై వచ్చినపుడు అది పురుషుడని ప్రేక్షకులు మరచిపోయిరి. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించినది. స్త్రీ వేషమున మెప్పించిన పురుషునకు బిరుదము దక్కినది. స్త్రీయే వచ్చి మెప్పించినపుడు ఆమెకు దక్కినదేమి? వినోదిని జీవితమంతయు ఈ ప్రశ్నకు సమాధానము.

ఆమె 1863 ప్రాంతమున కార్న్‌వాలిస్ వీథిలోని ఒక నిరుపేద యింట పుట్టినది. ఆ వీథినే నేడు విధాన్ సరణి యనుచున్నాము. గంగాబాయి యను గాయని వారి యింట ఒక గదిలో అద్దెకుండెడిది. బాలికకు సంగీతము నేర్పినది ఆమెయే. 1874లో, పట్టుమని పండ్రెండేండ్లు నిండకమునుపే, నెలకు పది రూపాయల జీతముపై వినోదిని గ్రేట్ నేషనల్ థియేటరులో చేరినది. 'శత్రుసంహారము' అను నాటకమున ద్రౌపదికి చెలికత్తె వేషము ఆమె తొలి వేషము.

మరుసటి సంవత్సరము ఆ సమాజము ఉత్తరదేశ యాత్రకు బయలుదేరినది. లక్నోలో 'నీలదర్పణము' ఆడుచుండగా, నీలిమందు తోటల దొరల దౌర్జన్యమును చూపు ఘట్టమున, ప్రేక్షకులలోని తెల్లసోల్జర్లు కత్తులు దూసి రంగముపైకి ఉరికిరి. నాటకము అంతటితో ఆగినది. ప్రాణభీతితో వణకిన ఆ రాత్రిని ఆమె తరువాత తన స్మృతులలో వర్ణించినది.

ఆమెను మహానటిగా తీర్చినవారు గిరీశచంద్ర ఘోషుగారు. పాత్రలోని మనస్సు ఎరుగక పాడిన పాట వట్టి శబ్దమని ఆయన మతము. శ్రీమతి సిడన్స్ వంటి ఆంగ్ల నటీమణుల కథలు చెప్పియు, దొరల నాటకములను చూపించియు ఆమెకు చదువు నేర్పిరి. 'మేఘనాదవధ'లో ఆమె ప్రమీల, సీత మున్నగు ఏడు పాత్రలను ఒక్కతెయే ధరించినది. 'దుర్గేశనందిని'లో ఆయేషాయు ఆమెయే, తిలోత్తమయు ఆమెయే. అప్పటికి మైకులు లేవు. కడపటి బల్లపై కూర్చున్నవానికి సైతము పాట వినబడవలె నన్నచో గాయని తన ఊపిరిని నమ్ముకొనవలసినదే.

అప్పటి నేషనల్ థియేటరు యజమాని ప్రతాపచంద్ జహురీ యను రత్నవర్తకుడు. వినోదిని సెలవుపై కాశికి పోయి వచ్చిన కాలమునకు జీతమియ్యనని ఆయన పట్టుబట్టెను. సెలవు నిబంధనలు కంఠస్థముగా గల మనవంటి ఉద్యోగులకు ఈ బాధ వేరుగా చెప్పనక్కరలేదు. తగవు ముదిరి, గిరీశబాబుగారు, వినోదిని, తోడి నటులు సొంత నాటకశాల కావలెనని నిశ్చయించిరి. ధనమిచ్చుటకు గుర్ముఖ్ రాయ్ అను యువక వర్తకుడు ముందుకు వచ్చెను. వినోదిని తన ఆశ్రయమున నుండవలెనని మాత్రము నిబంధన పెట్టెను. నాటకశాల ఊసు మానినచో ఆమెకే ఏబది వేల రూపాయలిత్తునని కూడ అతడు చెప్పెనట. ఆమె వలదని, నాటకశాలయే కట్టింపుమని కోరినది. తోడివారు బ్రతిమాలగా, తన జీవితమునే ఆ కట్టడమునకు పునాదిగా వేసినది. బీడన్ వీథిలో పని సాగుచుండగా కూలీలతోపాటు తానును మట్టి తట్టలు మోసితినని ఆమె వ్రాసికొన్నది.

ఆ శాలకు ఆమె పేరు కలిసి వచ్చునట్లు 'బి థియేటర్' అని పేరిడుదుమని తోడివారు మాట యిచ్చియుండిరి. రిజిస్ట్రీ ముగించుకొని వారు తిరిగి వచ్చినపుడు, ఏ పేరు పెట్టితిరని ఆమె ఆత్రముతో అడిగినది. 'స్టార్' అని వారు చెప్పిరి. ఆమెవంటి స్త్రీ పేరు పెట్టినచో మర్యాదస్థులు రారని భయము కాబోలు. 1883 జూలై 21వ తేదీన 'దక్షయజ్ఞము'తో స్టార్ థియేటరు తెరచిరి. సతీదేవి వినోదినియే. కొలది మాసములకు గుర్ముఖ్ రాయ్ తప్పుకొనగా, శాల నలుగురు పురుషుల చేతికి వచ్చినది. ఆమెకు పేరును లేదు, భాగమును లేదు.

ఐనను ఆమె పాడుట మానలేదు. 1884లో 'చైతన్యలీల'లో చైతన్య మహాప్రభువు వేషము ధరించినది. మన స్థానంవారు సత్యభామయైనట్లు, ఇచట ఒక వెలివాడ స్త్రీ సన్న్యాసి యైనది! ఆ సెప్టెంబరు 21న శ్రీరామకృష్ణ పరమహంస ఆ నాటకము చూచి ఆమెను ఆశీర్వదించిరి. మర్యాదస్థులు గడపలోనికి రానీయని స్త్రీ శిరస్సుపై ఆ మహాత్ముడు చేయి నుంచెను. తన జీవితమున తనకు దక్కిన గౌరవమదియే యని ఆమె భావించినది.

1887 ప్రారంభమున, నిండుగా పాతికేండ్లైనను లేని వయస్సున, ఆమె రంగము విడిచినది. మరల ఎక్కలేదు. ఒక్కగానొక్క కుమార్తెను బడికి పంపజూడగా ఆ తల్లి బిడ్డకు చోటియ్యరైరి. ఆ బాలిక 1904లో మరణించినది. ఆమె దుఃఖమును అక్షరములలో పెట్టుకొన్నది. కవితలు వ్రాసినది, 1912లో 'ఆమార్ కథా' యను ఆత్మకథ వెలువరించినది. దానికి గురువుగారి పీఠిక కావలెనని కోరగా గిరీశబాబుగారు వ్రాసి యిచ్చిరి. కాని అందు కొన్ని సత్యములు విడిచిరని, మరల వ్రాయుమని ఆమె అడిగినది. అది తీరకమునుపే ఆయన గతించిరి. గురుభక్తి యొక యెత్తు, సత్యము మరియొక యెత్తని ఎరిగిన స్త్రీ యామె. 1941లో ఆమె కన్ను మూసినది.

నేడు హాతీబాగానులో మనము చూచు స్టార్ థియేటరు ఆమె మట్టి మోసిన శాల కాదు. ఆ సమాజము 1888లో అచటికి తరలినది. 1991లో అది అగ్నికి ఆహుతియై, 2004లో మరల తెరువబడినది. ఆ శాలకు వినోదిని పేరు పెట్టుదుమని 2024 డిసెంబరులో రాష్ట్ర ముఖ్యమంత్రి ప్రకటించిరి. మాట యిచ్చిన నాటినుండి ఇది నూటనలుబదియొకటవ సంవత్సరము. ఆలస్యమైనను న్యాయము న్యాయమే. కాని అది వినుటకు ఆమె లేదు.

సభ్యులారా! ఈ కథను నేడు ఎత్తుటకు ఒక కారణము కలదు. చాల యేండ్ల క్రిందట, వేరొక నగరమున ఉద్యోగము చేయు దినములలో, మా తెలుగు సంఘము 'హరిశ్చంద్ర' ఆడినది. చంద్రమతి వేషమునకు ఆంధ్రదేశమునుండి ఒక గాయనిని పిలిపించితిమి. రెండు రాత్రులు రైలులో వచ్చి, కాటిసీను పద్యములతో ఆమె సభనంతటిని కంటతడి పెట్టించినది. సంచికలో కుర్చీలు వేయించినవారి పేళ్లును, తెర లాగినవారి పేళ్లును అచ్చయినవి. ఆమెను గూర్చి 'అతిథి నటి' అని మాత్రమే యుండెను. ఆ సంచికకు ప్రూఫులు దిద్దినవాడను నేనే. మరునాడు ఆమె ఒక ప్రతి అడిగి పుచ్చుకొని, పుటలు త్రిప్పి వెదకి, ఏమియు మాటాడక సంచిలో పెట్టుకొన్నది. స్టేషనుకు పంపివచ్చితిమి. నేడు ఆమె పేరు ఎంత తలచుకొన్నను నాకు జ్ఞప్తికి వచ్చుట లేదు. అచ్చులో నున్నచో వచ్చియుండెడిది.

కావున నేను కోరునది పెద్ద సత్కారము కాదు. మన వేదికపై పాడినవారెవరైనను, ఎచటినుండి వచ్చినవారైనను, వారి పేరును మన సంచికలో పూర్తిగా, తప్పులేక అచ్చువేయుదము. పాట ఆ రాత్రితోనే గాలిలో కలిసిపోవును. పాడినవారికి మిగులునది పేరొక్కటే. దానిని మనము దాచుకొనరాదు.